కాఫీ షాపు వై-ఫైకి ఫోను కలవనప్పుడు: ఎక్కడ ఆగిందో కనిపెట్టి సరిచేసుకొనే పద్ధతి

ఇంట్లో చక్కగా పనిచేసే ఫోను కాఫీ షాపులో వై-ఫైకి ఎందుకు కలవదనీ, కలిసినట్టు కనిపించినా ఇంటర్నెట్ ఎందుకు రాదనీ పాఠకులు తరచుగా అడుగుతున్నారు. ఆ ప్రశ్నలన్నిటికీ ఒక్కచోట, చేయవలసిన పనుల వరుసలోనే జవాబు రాస్తున్నాను. ఇది ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఐఫోన్లకూ కూడా పనికొస్తుంది. కంపెనీని బట్టి సెట్టింగ్స్‌లో పేర్లు కాస్త అటూ ఇటూ ఉండవచ్చు గానీ, వాటి వెనుక పని ఒక్కటే.

ఒక్క మాట ముందే గట్టిగా చెప్పాలి. వై-ఫై రాకపోగానే చాలామంది ఫోను రీస్టార్ట్ చేస్తారు, అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్ అన్నీ రీసెట్ చేసేస్తారు. రీస్టార్ట్ వల్ల నష్టమేమీ లేదు. రీసెట్ వల్ల మాత్రం ఇంటి వై-ఫై పాస్‌వర్డ్‌తో సహా దాచుకున్నవన్నీ చెరిగిపోతాయి, అసలు సమస్య ఎక్కడిదక్కడే ఉంటుంది. ఎందుకంటే కాఫీ షాపుల్లో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఫోను పాడైనందువల్ల వచ్చినవి కావు. ఫోనుకూ ఇంటర్నెట్‌కూ మధ్య ఉన్న ఏదో ఒక మెట్టు దగ్గర ఆగిపోయినందువల్ల వచ్చినవి. ఆ మెట్టు ఏదో తెలిసేవరకు ఏ సెట్టింగునూ కదపకండి.

1. బయలుదేరే ముందు చూసుకోవలసినవి

కేఫ్‌లో కూర్చుని మీటింగుకో ఇంటర్వ్యూకో హాజరు కావలసి ఉంటే, ఇంటి దగ్గరే ఈ చిన్న జాబితా చూసుకోండి.

- ఫోనులో తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉన్నాయా? గడియారం తప్పుగా ఉంటే సురక్షితమైన వెబ్‌సైట్లు కూడా ప్రమాదకరమైనవంటూ ఫోను వాటిని తెరవదు.
- ఓటీపీ వచ్చే సిమ్ ఈ ఫోనులోనే ఉందా?
- వీపీఎన్ (ఇంటర్నెట్ రాకపోకలను వేరే సర్వర్ గుండా తిప్పే యాప్) గానీ, ప్రకటనలు ఆపే యాప్ గానీ ఉంటే, దాన్ని ఎక్కడ ఆపాలో తెలుసా?
- కొంచెం మొబైల్ డేటా మిగిలి ఉందా?
- తప్పనిసరిగా కావలసిన ఫైలు, టికెట్టు ముందే దింపుకున్నారా?

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సెలవులకు వచ్చినవారు ఇంకొకటి గమనించాలి. బహిరంగ వై-ఫై వాడేవారెవరో గుర్తించి నమోదు చేయాలని టెలికాం శాఖ 2009లోనే ఆదేశాలిచ్చింది కాబట్టి, మన దగ్గర చాలా కేఫ్‌లు మొబైల్ నంబరు అడిగి ఓటీపీ పంపుతాయి. ఆ లాగిన్ పేజీల్లో చాలావాటికి +91 నంబరు తప్ప వేరేది నచ్చదు. ఇంట్లోవారి నంబరు ఇచ్చి ఓటీపీ తెప్పించుకోవచ్చు గానీ, ఆ వాడకమంతా వారి పేరు మీదే నమోదవుతుందని గుర్తుంచుకుని, వారికి చెప్పి చేయండి. కొద్ది వారాలు ఉండేవారైతే ఇక్కడి సిమ్ ఒకటి తీసుకోవడమే మేలు.

2. ఫోను ఏ మెట్టు దగ్గర ఆగింది?

సెట్టింగ్స్‌లో వై-ఫై పేజీ తెరిచి, ఆ కేఫ్ నెట్‌వర్క్ పేరు కింద చిన్న అక్షరాలతో ఏం రాసి ఉందో నెమ్మదిగా చదవండి. ఆ ఒక్క వాక్యమే సగం జవాబు.

- పేరే కనిపించడం లేదు: 3వ భాగానికి వెళ్లండి.
- పాస్‌వర్డ్ తప్పని గానీ, ఆథెంటికేషన్ ప్రాబ్లం అని గానీ ఉంది: 4వ భాగం.
- ఆబ్టెయినింగ్ ఐపీ అడ్రస్ అంటూ అక్కడే తిరుగుతోంది: 5వ భాగం.
- కనెక్టెడ్ అని ఉంది, కానీ ఇంటర్నెట్ లేదంటోంది, లేదా సైన్ ఇన్ చేయమంటోంది: 6వ భాగం.
- అంతా కలిసింది, కానీ నెమ్మదిగా ఉంది, మాటిమాటికీ తెగిపోతోంది: 7వ భాగం.

ఇంకొక చిన్న పరీక్ష కూడా చేయండి. పక్క టేబుల్ దగ్గరున్నవారికి వస్తోందో లేదో మర్యాదగా అడగండి. వారికీ రాకపోతే మీ ఫోనుతో కుస్తీ పట్టనక్కరలేదు, కౌంటర్లో చెబితే చాలు.

3. నెట్‌వర్క్ పేరు కనిపించకపోతే

ముందు కౌంటర్లో అడిగి సరైన పేరు తెలుసుకోండి. పక్క దుకాణం పేరు చూసి పొరబడటం మామూలే. పేరు సరైనదే అయినా కనిపించకపోతే లోపలికి, రౌటర్ (వై-ఫై ఇచ్చే పెట్టె) ఉన్న వైపు జరిగి చూడండి.

ఒకే పేరుతో రెండు నెట్‌వర్కులుండి, ఒకదాని చివర 5జీ అని ఉంటే అది మొబైల్ 5జీ కాదు. 5 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడిచే వై-ఫై అని దాని అర్థం. 5జీ ఫోను లేకపోయినా చాలా ఫోన్లు దానికి కలుస్తాయి. పాత ఫోన్లలో కొన్నిటికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు కాబట్టి వాటిలో రెండో పేరు కనిపించదు, అది ఫోను తప్పు కాదు.

4. పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే

కేఫ్ గోడ మీద పలకపై సుద్దముక్కతో రాసిన పాస్‌వర్డ్‌లో సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ చిన్న ఎల్‌కీ తేడా తెలియదు. టైప్ చేసేటప్పుడు కంటి గుర్తు నొక్కి అక్షరాలు కనిపించేలా పెట్టుకోండి. కీబోర్డు తనంతట తాను మొదటి అక్షరాన్ని పెద్దది చేసిందేమో, చివర ఒక ఖాళీ చేర్చిందేమో చూడండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం రెండూ వేర్వేరు.

ఇంతకంటే సులువైన దారి, క్యూఆర్ కోడ్ ఉంటే దాన్ని స్కాన్ చేయడం. ఐఫోన్ కెమెరాతోనూ, ఆండ్రాయిడ్ 10 నుంచి వై-ఫై సెట్టింగ్స్‌లోని స్కాన్ గుర్తుతోనూ నేరుగా కలవవచ్చు. కోడ్ లేకపోతే, ఇప్పటికే కలిసి ఉన్న స్నేహితుల ఆండ్రాయిడ్ ఫోనులో ఆ నెట్‌వర్క్ పేరు మీద నొక్కి షేర్ అంటే వారి తెర మీదే కోడ్ వస్తుంది.

నెల క్రితం ఇక్కడే కలిసిన ఫోను ఇవాళ కలవడం లేదంటే, వారు పాస్‌వర్డ్ మార్చి ఉంటారు. పాతదే మళ్లీ మళ్లీ పంపుతున్న ఫోనుకు ఆ సంగతి తెలియదు. నెట్‌వర్క్ పేరు మీద నొక్కి ఫర్గెట్ చేసి, కొత్తది ఇవ్వండి.

5. ఐపీ అడ్రస్ దగ్గర తిరుగుతూ ఉంటే

దీని గురించి బయట చెప్పేవారు తక్కువ గానీ, శని, ఆదివారాల సాయంత్రం కిటకిటలాడే కేఫ్‌లలో ఇది తరచుగా జరుగుతుంది.

రౌటర్ తన దగ్గరికి వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక టోకెన్ నంబరు ఇస్తుంది. అదే ఐపీ అడ్రస్. మామూలు రౌటర్ దగ్గర ఆ టోకెన్లు మహా అయితే 250 లోపే ఉంటాయి, ఒక్కోసారి వందే పెట్టి ఉంటారు. చిక్కేమిటంటే, కాఫీ తాగి వెళ్లిపోయినవారు టోకెన్ తిరిగి ఇచ్చి వెళ్లరు. చాలా రౌటర్లు ఒకసారి ఇచ్చిన టోకెన్‌ను 24 గంటలపాటు ఆ ఫోను పేరు మీదే ఉంచుతాయి. ఉదయం నుంచి వచ్చి వెళ్లినవారి ఫోన్లన్నీ టోకెన్లు పట్టుకుపోతే, సాయంత్రం ఆరింటికి వచ్చిన మీకు ఇవ్వడానికి ఏదీ మిగలదు. సిగ్నల్ నిండుగా ఉంటుంది, పాస్‌వర్డ్ సరైనదే, అయినా కలవదు.

చేయవలసిన వరుస ఇది:

- వై-ఫై ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేయండి.
- నెట్‌వర్క్‌ను ఫర్గెట్ చేసి, కొత్తగా కలవండి.
- ఆ నెట్‌వర్క్ వివరాల్లో ఐపీ సెట్టింగ్ స్టాటిక్ (చేత్తో పెట్టిన నంబరు) అని ఉంటే డీహెచ్‌సీపీ (రౌటరే టోకెన్ ఇచ్చే పద్ధతి) అని మార్చండి.
- ఐఫోన్‌లో ఐపీ అడ్రస్ 169.254 అంకెలతో మొదలైతే రౌటర్ నుంచి టోకెన్ రాలేదని నిర్ధారించుకోవచ్చు. ఇక మీ చేతిలో ఏమీ లేదు, రౌటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయమని సిబ్బందిని అడగండి.

కేఫ్ నడిపేవారెవరైనా ఇది చదువుతుంటే వారికి నా విన్నపం ఒకటుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ లీజ్ టైమ్ అని ఉంటుంది, ఒక టోకెన్‌ను ఒక ఫోను పేరు మీద ఎంతసేపు ఉంచాలో చెప్పేది అదే. దాన్ని 24 గంటల నుంచి గంటకు తగ్గించండి. ఒక్క నిమిషం పని, ఆ తర్వాత సాయంత్రాల ఫిర్యాదులు చాలావరకు తగ్గుతాయి.

6. కలిసింది, కానీ లాగిన్ పేజీ రావడం లేదు

ఎక్కువమంది చిక్కుకొనేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కేఫ్ వై-ఫైలో రౌటర్‌కు కలిసినంత మాత్రాన ఇంటర్నెట్ రాదు. మధ్యలో ఒక గేటు ఉంటుంది. మీరు నంబరూ ఓటీపీ ఇచ్చేవరకు ఆ గేటు ఏ పేజీనీ లోపలికి రానివ్వక, మీరు ఏది అడిగినా తన లాగిన్ పేజీనే చూపించడానికి ప్రయత్నిస్తుంది. గేటు ఉందో లేదో తెలుసుకోవడానికి ఫోను కలవగానే ఒక చిన్న పరీక్ష చేస్తుంది. ఆండ్రాయిడ్ గూగుల్ సర్వర్‌ను పలకరించి, 204 అనే సంకేతంతో ఖాళీ జవాబు రావాలని చూస్తుంది. ఐఫోన్ యాపిల్ పేజీ ఒకదాన్ని అడిగి, సక్సెస్ అనే మాట రావాలని చూస్తుంది. రావలసిన జవాబుకు బదులు వేరే పేజీ వస్తే గేటు ఉందని గ్రహించి, లాగిన్ కిటికీ తెరుస్తుంది. ఆ పరీక్షకు ఎక్కడైనా అడ్డు తగిలితే కిటికీ తెరుచుకోదు.

ఈ వరుసలో చేయండి, మధ్యలో ఒక్కటీ వదలకండి:

- నోటిఫికేషన్లు కిందికి లాగి, సైన్ ఇన్ చేయమనే సందేశం ఉందేమో చూడండి. పొరపాటున పక్కకు తోసేసి ఉండవచ్చు.
- లేకపోతే వై-ఫై పేజీలో ఆ నెట్‌వర్క్ పేరు మీదే మరోసారి నొక్కండి.
- ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, అయినా ఉండాలా అని ఫోను అడిగితే, ఉండాలనే చెప్పండి. వద్దంటే ఫోను గేటు దగ్గరి నుంచే వెనక్కి వచ్చేస్తుంది.
- వీపీఎన్, ప్రకటనలు ఆపే యాప్ ఉంటే ఆపండి. లాగిన్ అయ్యాక మళ్లీ వేసుకోవచ్చు.
- మొబైల్ డేటా ఆపండి.
- బ్రౌజర్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాలతో నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ (neverssl.com) అని ఖాళీ లేకుండా టైప్ చేసి తెరవండి.

చివరి రెండింటికీ కారణం తెలిస్తే మరిచిపోరు. వై-ఫైలో ఇంటర్నెట్ లేదని గమనించిన ఆండ్రాయిడ్ ఫోను, మీరు బ్రౌజర్లో తెరిచే పేజీలను చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటా మీద పంపుతుంది. అప్పుడు మీ అభ్యర్థన గేటు దగ్గరికే వెళ్లదు, లాగిన్ పేజీ ఎలా వస్తుంది? మొబైల్ డేటా ఆపితే ఓటీపీ రాదేమోనని కొందరు భయపడతారు. ఎస్ఎంఎస్‌కు సిమ్ సిగ్నల్ ఉంటే చాలు, డేటా అక్కరలేదు. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో మాత్రం పెట్టకండి.

ఇక ఆ వెబ్‌సైటు సంగతి. ఇప్పుడు దాదాపు అన్ని వెబ్‌సైట్లూ తాళం గుర్తున్న హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తున్నాయి. అటువంటి పేజీని దారిలో పట్టి మరో పేజీకి మళ్లించబోతే బ్రౌజర్ అనుమానించి, మీ కనెక్షన్ ప్రైవేట్ కాదంటూ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. ఆ హెచ్చరికను దాటి ముందుకు పోకండి, వెనక్కి రండి. నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను తాళం లేకుండా నడపడం సరిగ్గా ఈ అవసరం కోసమే. గేటు దాన్ని సులువుగా మళ్లించి తన పేజీ చూపించగలుగుతుంది.

ఓటీపీ దగ్గర జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. ఐఫోన్‌లో లాగిన్ కిటికీ తెరిచి ఉండగా మెసేజీలు చూడటానికి వెళితే, ఆ కిటికీ మూసుకుపోయి మళ్లీ మొదటికి వచ్చే అవకాశముంది. పైన వచ్చే నోటిఫికేషన్లోనే అంకెలు చదువుకోండి, లేదా కీబోర్డు పైన కనిపించే సూచనను నొక్కండి. ఓటీపీ రాలేదని వెంటవెంటనే మళ్లీ పంపమని అడిగితే పాతది చెల్లకుండా పోయి, ఏది సరైనదో తెలియక తికమకపడతారు. ఒక నిమిషమైనా ఆగండి. సెల్లార్‌లో ఉన్న కేఫ్ అయితే సిమ్ సిగ్నలే అందదు. మెట్లెక్కి వెళ్లి ఓటీపీ తెచ్చుకోవలసిందే.

లాగిన్ పేజీ వచ్చింది, ఓటీపీ ఇచ్చారు, విజయవంతమైందని కూడా చూపించింది, అయినా ఇంటర్నెట్ రాదు. ఇటువంటిదే ఒకటి విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గరి ఒక కేఫ్‌లో నేను దగ్గరుండి చూశాను. మా మేనకోడలికి పదకొండింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. పది నలభైకి కూడా ఫోనులో వై-ఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం పోవడం లేదు. అప్పటికి మూడుసార్లు ఫర్గెట్ చేసి మూడుసార్లు కలిపింది. "రీసెట్ కొట్టేయనా మామయ్యా?" అని అడిగింది. వద్దని, నెట్‌వర్క్ పేరు కింద ఏముందో చదవమన్నాను. ప్రైవేట్ డీఎన్‌ఎస్ సర్వర్‌ను చేరుకోలేకపోతున్నామని అక్కడే స్పష్టంగా రాసి ఉంది. డీఎన్‌ఎస్ సర్వర్ అంటే వెబ్‌సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిపెట్టేది, ప్రైవేట్ డీఎన్‌ఎస్ అంటే దాన్ని మనమే ఎంచుకొనే సెట్టింగు. రెండు నెలల క్రితం ఏదో వీడియో చూసి, ప్రకటనలు రాకుండా ఒక సర్వర్ పేరు అందులో పెట్టుకుని, ఆ సంగతే మరిచిపోయింది. ఇంట్లో వై-ఫై, మొబైల్ డేటా ఆ సర్వర్‌ను అడ్డుకోవు కాబట్టి ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. ఆ కేఫ్ గేటు అడ్డుకుంది. ఆటోమేటిక్ అని మార్చగానే క్షణాల్లో ఆశ్చర్యార్థకం పోయింది.

ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ సెట్టింగ్ ఉంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ లేదా కనెక్షన్స్ కింద, లేదంటే పైన వెతికే పెట్టెలో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని టైప్ చేస్తే దొరుకుతుంది. మీరు ఎప్పుడూ దాని జోలికి వెళ్లలేదనుకున్నా ఒకసారి తెరిచి చూడండి, ఇంట్లో మరెవరైనా మార్చి ఉండవచ్చు. ఐఫోన్‌లో ఐక్లౌడ్ ప్రైవేట్ రిలే (మీ ఐపీ అడ్రస్‌ను వెబ్‌సైట్లకు కనిపించకుండా దాచే సదుపాయం) వాడేవారికి దాదాపు ఇదే ఇబ్బంది రావచ్చు. ఆ ఒక్క నెట్‌వర్క్ వరకు ఐపీ అడ్రస్ ట్రాకింగ్ పరిమితిని ఆపితే సరిపోతుంది.

టీ కొట్టు దగ్గరో కిరాణా దుకాణం దగ్గరో పీఎం-వాణీ వై-ఫై (చిన్న దుకాణాల ద్వారా బహిరంగ వై-ఫై ఇచ్చే ప్రభుత్వ పథకం) ఉంటే పద్ధతి కొంచెం వేరు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకంలో ముందుగా ఒక యాప్‌లో నమోదు చేసుకుని, ఆ యాప్ ద్వారానే నెట్‌వర్క్‌ను ఎంచుకోవాలి. మామూలుగా సెట్టింగ్స్ నుంచి కలిస్తే కనెక్టెడ్ అని చూపించినా ఇంటర్నెట్ రాకపోవచ్చు.

7. కలిసిన తర్వాత నెమ్మదించడం, తెగిపోవడం

అరగంటకో గంటకో ఒక్కసారిగా ఆగిపోతే అది తెగిపోవడం కాదు, మీకిచ్చిన సమయం అయిపోవడం. వై-ఫై ఆపి, తిరిగి ఆన్ చేసి, మళ్లీ లాగిన్ అవ్వండి. ఒక నంబరు మీద ఒక పరికరానికే అనుమతి ఉంటే, ల్యాప్‌టాప్ కలపగానే ఫోను బయటికి పోతుంది.

మాటిమాటికీ మొబైల్ డేటాకు మారిపోతుంటే అది ఫోను తనంతట తాను చేస్తున్న పని. శాంసంగ్‌లో ఇంటెలిజెంట్ వై-ఫై కిందా, ఐఫోన్‌లో మొబైల్ డేటా పేజీ అట్టడుగున వై-ఫై అసిస్ట్ అనే పేరుతోనూ ఈ సెట్టింగ్ ఉంటుంది. డేటా అయిపోతుందనే భయముంటే దాన్ని ఆపండి.

వచ్చిన ప్రతిసారీ కొత్తవారిలా ఓటీపీ అడుగుతుంటే, ఫోను తన గుర్తింపు నంబరును మార్చుకుంటూ ఉండవచ్చు. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి ప్రైవేట్ వై-ఫై అడ్రస్ అనే చోట రొటేటింగ్, ఫిక్స్‌డ్, ఆఫ్ అని మూడు ఎంపికలున్నాయి. మీరు రోజూ వెళ్లే కేఫ్‌కు ఫిక్స్‌డ్ పెట్టుకోండి. ఆఫ్ చేయవలసిన అవసరం లేదు.

నెమ్మదికి మందు చాలాసార్లు కుర్చీ మార్చడమే. 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైని మైక్రోవేవ్ ఓవెన్ కలవరపెడుతుంది, రెండూ ఇంచుమించు ఒకే తరంగాలను వాడతాయి. వంటగది కిటికీ పక్క టేబుల్ వదిలి, రౌటర్ కంటికి కనిపించే చోట కూర్చుని 5 గిగాహెర్ట్జ్ పేరుకు కలవండి. మధ్యలో గోడ ఉంటే మాత్రం 2.4 మేలు.

8. డబ్బు, పాస్‌వర్డ్‌ల విషయంలో జాగ్రత్తలు

తాళం గుర్తున్న పేజీల్లో మీరు రాసేది పక్క టేబుల్ వారు చదివేయడం అంత తేలిక కాదు. నిజమైన ప్రమాదం కేఫ్ పేరుతోనే ఇంకెవరో నడిపే దొంగ నెట్‌వర్క్, దాని దొంగ లాగిన్ పేజీ. అందుకే పేరు కౌంటర్లో అడగమన్నాను.

- లాగిన్ పేజీ మొబైల్ నంబరూ ఓటీపీ అడగవచ్చు. ఆధార్ నంబరు, కార్డు వివరాలు, యూపీఐ పిన్, ఈమెయిల్ పాస్‌వర్డ్ అడిగితే వెంటనే మూసేయండి.
- వచ్చిన ఓటీపీ సందేశంలో వై-ఫై అనే ఉందా, బ్యాంకు లావాదేవీ అని ఉందా అన్నది చదివాకే టైప్ చేయండి.
- ఇంటర్నెట్ కోసం యాప్ ఫైలు, సర్టిఫికెట్, ప్రొఫైల్ దింపుకోమని ఆ పేజీ చెబితే వినకండి.
- బిల్లు కట్టడంతో సహా డబ్బు పనులన్నీ మొబైల్ డేటా మీద చేయండి.
- మోసం జరిగిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. ఆలస్యమైనకొద్దీ డబ్బు ఆపడం కష్టమవుతుంది.

9. ఇవేవీ పనిచేయకపోతే

ఫోను రీస్టార్ట్ చేసి, 2వ భాగం నుంచి మరొక్కసారి చూడండి. ఇదే ఫోను వేరే రెండు చోట్ల కూడా వై-ఫైకి కలవకపోతే, అప్పుడు మాత్రమే నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ గురించి ఆలోచించండి. దాచుకున్న వై-ఫై పాస్‌వర్డ్‌లూ, బ్లూటూత్ జతలూ పోతాయి కాబట్టి ఇంటి పాస్‌వర్డ్ ముందే రాసి పెట్టుకోండి. ఫోను మొత్తాన్ని చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ కేఫ్ వై-ఫై కోసం ఎన్నడూ చేయకండి.

ఒకే కేఫ్‌లో మాత్రమే కలవకపోతే తప్పు అక్కడిదే. పని తొందరగా ఉంటే స్నేహితుల ఫోను హాట్‌స్పాట్ తీసుకుని పని కానివ్వండి.

10. కేఫ్ నుంచి లేచేటప్పుడు

- లాగిన్ కోసం ఆపిన వీపీఎన్, మొబైల్ డేటా తిరిగి వేశారా?
- ప్రైవేట్ డీఎన్‌ఎస్ మార్చి ఉంటే, కావాలనుకుంటే పాతది మళ్లీ పెట్టుకున్నారా?
- మళ్లీ రాని చోటైతే నెట్‌వర్క్‌ను ఫర్గెట్ చేశారా? రోజూ వచ్చే చోటైతే ఆటో జాయిన్ మాత్రం ఆపారా? లేకపోతే అదే పేరుతో ఎవరు ఎక్కడ నెట్‌వర్క్ పెట్టినా, జేబులో ఉన్న మీ ఫోను దానంతటదే వెళ్లి కలిసే ప్రమాదముంది.